సిద్దమ్మ సగం మాట

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు పక్కన, ఒకప్పుడు ద్రాక్షతోట ఉన్న చోట, రెండంతస్తుల ఇల్లు ఒకటుంది. బోర్డు మీద పెద్ద పేరే రాసి ఉంటుంది గానీ చుట్టుపక్కల అందరూ దాన్ని పెద్దపిల్లల హాస్టల్ అంటారు. పిల్లలన్నది మాటకే. అక్కడున్న వాళ్ళలో కొందరికి నెత్తి నెరిసింది. ఆటిజంతో పుట్టి, చదువు ఒంటబట్టక, స్నానం, తిండి కూడా ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవలసిన మనుషులు. ఇంట్లో చూసుకునే ఓపిక ఉడిగిపోయాక కన్నవాళ్ళు తెచ్చి చేర్చినవాళ్ళు.

సిద్దమ్మ ఆ ఇంట్లో ఆయా. బోర్డు భాషలో కేర్‌గివర్. "నేను కేరుగీరును సారూ" అని తన మీద తనే నవ్వుకునేది.

నేను ఆ పక్క కాలనీలో ఉంటాను. పొద్దున పేపరు పట్టుకుని వెళ్ళి, వాళ్ళ వరండాలో కూర్చుని నలుగురికి వినబడేలా చదవడం అలవాటు. వాళ్ళకు వార్తలతో పని లేదు, చదివే గొంతు ఉంటే చాలు. ఒక్క రఘునందన్‌కు మాత్రం ఉష్ణోగ్రతలు కావాలి. "ఆదిలాబాద్" అని నేను ఆగితే అంకె తను చెప్పేవాడు. ఎప్పుడూ నిన్నటి అంకే చెప్పేవాడు. ఇవాళ్టిది వేరే ఉందని నేను దిద్దబోతే సిద్దమ్మ అడ్డం వచ్చేది. "ఉండనియ్యి సారూ. నిన్న ఉన్నట్టే ఇయ్యాల ఉంటే ఆనికి నిమ్మళం."

సిద్దమ్మది రావల్కోల్. పెళ్ళయిన కొత్తలో ఇదే నేల మీద ద్రాక్షగుత్తులు కోసే కూలీ. తోట తీసేసి ప్లాట్లు చేశారు. ఈ ఇల్లు కడుతున్నప్పుడు ఇటుకలు మోసింది. కట్టాక నేల ఊడ్చింది. వంటమనిషి రాని రోజుల్లో వంట చేసింది. చివరికి పిల్లల దగ్గర కుదిరింది. "నేను యాడికీ పోలే. నేనున్న జాగకే ఒక్కొక్క పని నడుసుకుంట వచ్చింది" అనేది. భర్త నారాయణ బోరు మోటార్లు బాగుచేసేవాడు. కొడుకు ధర్మేందర్ జవహర్‌నగర్‌లో ట్రాలీ ఆటో నడుపుతూ అక్కడే ఒక గదిలో కాపురముంటున్నాడు. అటు నుంచి గాలి తోలిన రోజు అక్కడి డంపింగ్ యార్డు చెత్త వాసన మా దాకా వస్తుంది. అప్పుడు రఘునందన్ చొక్కా ఎత్తి ముక్కు మీద కప్పుకుంటాడు. పొట్టంతా బయటపడుతుంది.

"ముక్కు మూసినవ్, బొడ్డు జూపినవ్. ఏది సిగ్గురా నీకు?" అని సిద్దమ్మ వెనకనుంచి చొక్కా కిందికి గుంజేది.

రఘుకు ముప్పై దాటాయి. ఆరడుగుల మనిషి. ఎవరి ముఖంలోకీ చూడడు. సంతోషమొచ్చినా, భయమొచ్చినా కుడి చేతి వెనకవైపు కొరుక్కుంటాడు. అక్కడ కాయ కాసి నల్లబడింది. తనంతట తను మాట మొదలుపెట్టడు. కానీ ఎవరైనా మాటను సగంలో వదిలేస్తే ఓర్చుకోలేడు. ఒకసారి సిద్దమ్మ వంటింటి వైపు తిరిగి "ఇయ్యాల పప్పు" అని అరవబోయి దగ్గుతెరలో చిక్కుకుందట. లోపల మూలన కూర్చున్న రఘు "చారు" అన్నాడట. అప్పటికి అతను ఆ ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. అతని గొంతు ఎలా ఉంటుందో అందరికీ తెలిసింది ఆ రోజే.

ఇక అక్కడినుంచి సిద్దమ్మ అతనికి ఏ పని చెప్పినా పూర్తి మాట అనడం మానేసింది.

"తానం."

"చేద్దాం."

గడ్డం గీయడానికి, "బుగ్గ."

"ఉబ్బియ్యి." బుగ్గ ఉబ్బేది.

"అన్నంల సల్ల."

"పొయ్యి."

రెండో సగం తను అన్నాడు కాబట్టి ఆ పని తనదైపోయేది. పూర్తి చేసిన ప్రతిసారీ సిద్దమ్మ "శభాష్" అనాలి. అనకపోతే అన్నదాకా నిలబడేవాడు. ఆ ఇల్లు నడిపే సుప్రజ ఇది చూసి చాలా సంతోషపడింది. చదువుకున్న మనిషి, ఓపికగల మనిషి. తక్కినవాళ్ళకూ నేర్పమని సిద్దమ్మకు చెప్పింది. పర్వతాలు అని అక్కడే పనిచేసే నడివయసు మనిషి ఒకాయన ప్రయత్నించాడు. ఆయన "తానం" అని ఆగితే రఘు కూడా ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా స్నానాల గది ముందు చాలాసేపు నిలబడ్డారు.

"నా గొంతు నచ్చలే గావచ్చు" అన్నాడు పర్వతాలు.

"గొంతు గాదన్నా. నువ్వు మాట మింగుతవ్. ఉన్నదంత నువ్వే మింగితే ఆనికేం మిగుల్తది?"

పెరుగు లేని రోజున రఘు పళ్ళెం తోసేసేవాడు. దానికీ ఒక సగం తయారుచేసింది. "ఇయ్యాల లేదు" అంటే "రేపు" అనాలి. రేపు అన్నాక పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కునేవాడు. నిజంగానే మరునాడు పెరుగుండేది. లేకపోతే సిద్దమ్మ ఇంటి నుంచి తెచ్చేది.

అన్నిటికంటే కష్టం సాయంత్రం. డ్యూటీ అయి ఆమె బయల్దేరితే గేటు పట్టుకుని ఏడ్చేవాడు. అప్పుడు గేటు గొళ్ళెం అతని చేతికిచ్చింది. తీయాల్సిందీ వేయాల్సిందీ అతనే. గొళ్ళెం మీద అతని చెయ్యి పడ్డాక ఈమె "పోయి" అనేది. అతను "వస్త" అనేవాడు. శభాష్. గేటు తెరుచుకునేది. ఆమె దాటగానే గొళ్ళెం పడేది. ఏడుపు లేదు.

మనలో గడప దాటేవాళ్ళెవరూ పోతున్నాననరు కదా. వస్తానంటారు. పోయేటప్పుడు వస్తాననడం మనకెంత అలవాటంటే, ఆ మాట విని ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోరు. రఘు కూర్చుంటాడు. సిద్దమ్మ కూడా తెల్లారగానే వచ్చేది, జ్వరమొచ్చినా వచ్చేది. "వస్తనని అనిపిచ్చిన. రాకుంటే ఎట్ల?" అనేది.

రఘు తల్లి పద్మజ. తండ్రి వెంకటేశ్వరరావు. భీమవరం వైపు వాళ్ళు. ఉద్యోగం కోసం వచ్చి సుచిత్ర దగ్గర అపార్ట్‌మెంట్లో స్థిరపడ్డారు. ప్రతి ఆదివారం కారులో వచ్చేవారు. గేటు దగ్గర జరిగే ఈ తతంగం విని పద్మజకు మొదట్లో మనసు చివుక్కుమంది.

"సిద్దమ్మగారూ, ఏమీ అనుకోకండి. పోయి అని నేర్పకండి వాడికి. మా వైపు పోయారు అంటే వేరే అర్థం వస్తుంది."

"మీరు గారు గీరు అనకుండ్రి అమ్మా, నాకు కితకితలైతది. మా దిక్కు పోవుడంటే పోవుడే. బజారుకు పోతం, పొలంకాడికి పోతం, పెండ్లికి పోతం. మీరేమో వెళ్తరు. ఎక్కేది ఇద్దరం ఒక్క బస్సే గదా!"

పద్మజ నవ్వేసింది. నవ్వి తన సగం తను చేసుకుంది. కారెక్కే ముందు "వెళ్ళి" అనేది. కొడుకు "వస్తా" అనేవాడు. సిద్దమ్మకు పొట్టిగా వస్త, తల్లికి సాగదీసి వస్తా. ఒక్కసారి కూడా ఒకరిది ఇంకొకరికి ఇవ్వలేదు.

ఒక ఆదివారం పద్మజ నీరసంగా వచ్చింది. ఆ వారంలో ఏదో ఆపరేషన్ అని సుప్రజకు చెప్పింది. కొడుకు గోళ్ళు కత్తిరించింది. పోయేటప్పుడు "వెళ్ళి" అంది. "వస్తా" అన్నాడు. కారు అద్దం దించుకుని మలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉంది.

ఆపరేషన్ తర్వాత ఆమె కోలుకోలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగి రాలేదు. కబురు వచ్చినప్పుడు సుప్రజ ఫోనులో అడిగింది, రఘును ఒకసారి తీసుకురమ్మంటారా, చివరిచూపు చూస్తాడని. "ఇంటినిండా జనం, ఏడుపులు. వాడు తట్టుకోలేడమ్మా" అన్నాడు వెంకటేశ్వరరావు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. జనంలో రఘు చెయ్యి నెత్తురు వచ్చేలా కొరుక్కోవడం అందరూ చూసినదే.

ఆదివారం వచ్చింది. రఘు ఆదివారం చొక్కా తనే వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. చీకటి పడేదాకా నిలబడ్డాడు. సోమవారం కూడా నిలబడ్డాడు. అప్పటినుంచి ఉష్ణోగ్రతల కోసం వరండాలోకి రావడం మానేశాడు. అన్నం గేటు దగ్గరికే తీసుకుపోవలసి వచ్చింది. రెండు ముద్దలు తిని రోడ్డు చూసేవాడు. పర్వతాలు ఎక్కడిదో పాత వెంచర్ ఫ్లెక్సీ తెచ్చి, గేటు మీద నీడకు కట్టాడు. మీ కలల ఇల్లు అన్న అక్షరాల కింద రఘు, అతని పక్కన స్టూలు మీద సిద్దమ్మ. ఆ ఎండాకాలమంతా అలాగే గడిచింది.

సుప్రజ చేయగలిగిందంతా చేసింది. పద్మజ ఫోటో తెప్పించి దండ వేసి భోజనాల హాల్లో పెట్టింది. దండ వేసిన పటాలు ఆ హాల్లో ముందే ఉన్నాయి, వినాయకుడిదీ, సాయిబాబాదీ. రఘు చేతులు జోడించి "సామీ" అన్నాడు. అని మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

వెంకటేశ్వరరావు వచ్చాడు. కారు ఆగగానే రఘు పరుగెత్తి తండ్రి ఉన్న వైపు కాక అవతలి వైపు తలుపు తీశాడు. ఖాళీ సీటు చూశాడు. సీటు మీద చెయ్యి పెట్టి తడిమాడు. తండ్రి అతని భుజం పట్టుకుని, ఎంతో కూడదీసుకుని, "అమ్మ లేదు నాన్నా" అన్నాడు.

"రేపు" అన్నాడు రఘు.

సిద్దమ్మ గేటు అవతల ఉంది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లేదు అంటే రేపు అని నేర్పింది ఆమే. వెంకటేశ్వరరావుకు ఆ సంగతి తెలియదు. కొడుకు తనను ఓదారుస్తున్నాడనుకున్నాడేమో, అతన్ని పొదివి పట్టుకుని ఏడ్చాడు. రఘు ఒళ్ళు బిగించుకుని కారులోపలికే చూస్తున్నాడు. ఆ తర్వాత ఆయన రావడం తగ్గింది. వచ్చిన ప్రతిసారీ ఆ తలుపు తీయడం చూడాలంటే ఎవరికైనా కష్టమే.

"నువ్వు చెబితేనే వింటాడు సిద్దమ్మా" అంది సుప్రజ. "దేవుడి దగ్గరికి వెళ్ళింది, ఊరికి పోయింది, అలాంటివొద్దు. చనిపోయిందని సాఫ్‌గా చెప్పాలి. నేను చెబితే అతనికి చెవిన పడట్లేదు."

"నా నోట్ల ఆ మాట ఎట్ల వస్తది మేడం? తల్లి సంగతి."

"మరి ఎన్నాళ్ళు నిలబెడదాం?"

మరునాడు నేను పేపరు పట్టుకుని వెళ్ళేసరికి ఇద్దరూ ఫ్లెక్సీ కింద ఉన్నారు. ఆమె అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. కాయ కాసిన చోట బొటనవేలితో రాస్తూ, ఎన్నడూ లేనిది పూర్తి మాట చెప్పబోయింది.

"బిడ్డా, నా మాటిను. మీ అమ్మ వస్తలేదు. మీ అమ్మ సచ్చిపోయి..."

అక్కడ మాట తెగింది.

"వస్త" అన్నాడు రఘు.

బాగా చెప్పానని అతనికి తెలుసు. చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంచి, రోడ్డు వైపు చూస్తూ, శభాష్ కోసం ఆగాడు. ఆమె అనలేదు. అతను చెయ్యి వెనక్కి లాక్కుని నోటి దగ్గరికి తీసుకుపోతుంటే అప్పుడంది. ఎంత మెల్లగా అందంటే నాకు పెదాలు కదలడమే కనిపించింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. "తాళం నేనే ఏసిన గద సారూ. ఒక్కొక్క మాట సగం జేసి ఆని నోట్ల పెట్టిన. ఇగ వాపస్ ఎట్ల తీస్కోవాలె?" నేను పేపరు మడతపెట్టుకున్నాను. ఆ రోజు చదవలేదు.

వానలు పడ్డాక నారాయణకు పక్షవాతం వచ్చింది. బోరు దగ్గరే పడిపోయాడట. కుడిపక్క పడిపోయింది, మాట సగం సగం వస్తుంది. సిద్దమ్మ కొన్నాళ్ళు ఇటూ అటూ తిరిగింది. పొద్దున ఆయనకు తినిపించి తలుపు దగ్గరేసి వచ్చేది. సాయంత్రం పోయేసరికి ఆయన ఎక్కడ పడి ఉంటాడో తెలిసేది కాదు. ధర్మేందర్ దగ్గరికి తీసుకుపోదామంటే అక్కడున్నది ఒకే గది. ఒకరోజు నారాయణ మంచం దిగబోయి, కింద పడి, సాయంత్రం దాకా నేల మీదే ఉన్నాడు. ఆ మరునాడు సిద్దమ్మ సుప్రజ ముందు నిలబడింది.

"ఇంట్ల ఒక సగం మాటాయన, ఈడ ఒక సగం మాటాయన. నేనొక్కదాన్ని ఎంతమందికని పూర్తి జెయ్యాలె మేడం?" నవ్వుతూనే అంది. సుప్రజ కుర్చీలోంచి లేచి ఆమె చేతులు పట్టుకుంది.

పని మానేయడం ఖాయమైంది. మిగిలింది ఒక్కటే, రఘుతో ఏమని చెప్పి పోవాలి.

"పోయొస్త అనను" అంది సిద్దమ్మ. ఆ విషయంలో మాత్రం గట్టిగా ఉంది. "తల్లి కోసం నిలబడ్డడు, సాలు. నా కోసం గూడ ఆ గేటుకాడ నిలబడితే ఆ ఉసురు నాకే తాకుతది."

సుప్రజ బొమ్మలు తయారుచేసింది. రావల్కోల్ ఇల్లు, మంచం మీద నారాయణ, ఆయన పక్కన సిద్దమ్మ. స్నానాల గది దగ్గర పర్వతాలు. రోజూ రఘుకు చూపించింది. పర్వతాలు స్నానం చేయిస్తుంటే సిద్దమ్మ గుమ్మంలో నిలబడేది. రఘు కట్టెలా నిలబడి నీళ్ళు పోయించుకునేవాడు. రెండో సగం మాత్రం అనేవాడు కాదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆమె నన్నడిగింది. "సారూ, మీరు గిన్ని బుక్కులు సదివిండ్రు. పోతున్న అనకుండ, వస్త అనకుండ, నడిమిట్ల ఏమన్న మాటున్నదా?"

ఆలోచించాను. "కొందరు 'ఉంటాను' అంటారు" అన్నాను.

"ఉంటనంటే ఉండాలె గద సారూ! ఆడు చెయ్యి పట్కొని కూసోబెడ్తడు."

"సెలవు అంటారు."

"సెలవంటే? దసరా సెలవులసొంటిదా? ఐపోంగనే మల్ల బడి తెరుస్తరు."

ఇంకొకటి ఏదైనా ఉందా అని చాలా వెతికాను. చదివినవన్నీ తలచుకున్నాను. ఇంత పెద్ద భాషలో, రానని చెప్పి మర్యాదగా గడప దాటడానికి ఒక్క మాట దొరకలేదు.

"పోతున్న అనే అంట తియ్యి" అంది చివరికి. "గడపల నిలబడి ఆ మాటంటే నాకేమన్న ఐతదంటరు. ఐతే ఐతది."

ఆఖరి సాయంత్రం వాన వెలిసింది. ఆమె అందరి దగ్గరికీ వెళ్ళి తలలు నిమిరింది. వంటింట్లో గిన్నెలు బోర్లించింది, అది ఆమె పని కాకపోయినా. సంచి చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. రఘు అక్కడే ఉన్నాడు. ఆమెను చూసి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. సుప్రజ, పర్వతాలు, నేను వరండాలో ఉన్నాం.

"రఘూ. నేను పోతున్న బిడ్డా. ఇగ రాను. మా ఆయనకు పానం బాగలేదు. నువ్వు పర్వతాలన్న చెప్పినట్టు విను."

రఘు కదల్లేదు. గొళ్ళెం తీయలేదు.

"గేటు తియ్యి బిడ్డా. బస్సుకు యాళ్ళయింది."

తీయలేదు. నేలను చూస్తూ, "పోయి" అన్నాడు.

అతను ఎన్నడూ ఏ మాటా మొదలుపెట్టి ఎరుగడు. మొదటి సగం ఎప్పుడూ ఆమెదే. ఆ సాయంత్రం ఆమె అనడం మరిచిపోయిందనుకున్నాడు. ఆమె సగం కూడా తనే అనేసి, ఆగాడు. ఆమె నేర్పినట్టే, సరిగ్గా అంతసేపు ఆగాడు.

సిద్దమ్మ పెదాలు బిగించుకుంది.

"పోయి" అన్నాడు మళ్ళీ. గొంతు పెరిగింది.

"రాను బిడ్డా. రాను."

"పోయి. పోయి. పోయి."

ఎడమ చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. కుడి చెయ్యి నోటికి పోయింది. కాయ కాసిన చోట పళ్ళు దిగాయి. పర్వతాలు పరుగెత్తి పట్టుకోబోతే విదిలించేశాడు. ఆరడుగుల మనిషి. నెత్తురు మోచేతి దాకా కారింది. సిద్దమ్మ ఒకసారి వెనక్కి తిరిగి సుప్రజ వైపు చూసింది. ఏం చేయమంటావని అడిగినట్టుంది ఆ చూపు. సుప్రజ చూపు దించుకుంది. నేనూ దించుకున్నాను.

"వస్త" అంది సిద్దమ్మ.

నోట్లోంచి చెయ్యి తీశాడు. అప్పటికప్పుడు నిమ్మళించాడు. గొళ్ళెం తీసి గేటు తెరిచాడు. ఆమె కొంగు చింపబోయి, మళ్ళీ ఏమనుకుందో, కొంగుతోనే అతని చెయ్యి తుడిచి దాటింది. వెనక గొళ్ళెం పడిన చప్పుడైంది. రోడ్డు మలుపు దాకా ఆమె తిరిగి చూడలేదు.

మరునాటి పొద్దున ఆమె వచ్చే వేళకు రఘు గేటు తెరిచి పట్టుకున్నాడు. ఇప్పుడతను ఇద్దరి కోసం నిలబడ్డాడు.

పర్వతాలు మంచివాడు. అన్నం కలిపి అక్కడికే తీసుకుపోయేవాడు. "అన్నంల సల్ల" అని, మాట మింగకుండా, సిద్దమ్మలాగే సాగదీసి ఆగేవాడు. రఘు రోడ్డు చూసేవాడు. సుప్రజ డాక్టరును పిలిపించింది. మందు మార్చారు. మందుకు నిద్ర వచ్చేది. గేటు ఊచలకు నుదురు ఆనించి నిలబడే నిద్రపోయేవాడు. నుదుటి మీద ఊచల గుర్తు పడింది.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం సిద్దమ్మ వచ్చింది. ధర్మేందర్ ఆ పూట తండ్రి దగ్గర ఉన్నాడట. చిక్కిపోయింది. సంచిలో పెరుగు డబ్బా తెచ్చింది. "వస్తనన్న గద సారూ. నిద్ర పడ్తలేదు. వచ్చి, ఒక్కసారి కండ్ల జూసి, మంచిగ జెప్పి పోదామని" అంది నాతో, గేటు బయట నిలబడే. లోపల రఘు అప్పటికే గొళ్ళెం తీస్తున్నాడు.

అతను ఆమె ముఖం చూడలేదు. అది అలవాటే. కొంగు అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూసి వదిలేశాడు. సిద్దమ్మ "ఏం బిడ్డా, మస్తు బక్కగైనవ్" అని నవ్వబోయింది. రఘు ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, తలుపు పక్కకు నెట్టినట్టు ఆమెను పక్కకు జరిపాడు. ఆమె నిలబడిన చోటు వెనక రోడ్డును చూశాడు. మెడ చాచి మలుపు దాకా చూశాడు.

"వెళ్ళి" అన్నాడు.

అది తల్లి సగం. ఒకరు వస్తనన్నారు, వచ్చారు. మరి వస్తానన్న ఇంకొకరు కూడా వెనకే ఉండాలి.

సిద్దమ్మ గేటు దిమ్మె మీద కూలబడింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది. రాకపోతే ఆమె కోసం నిలబడతాడు. వచ్చింది కాబట్టి, వస్తానన్న మాట నిజమేనని తేలిపోయింది. ఇక తల్లి కోసం అతన్ని ఆ గేటు దగ్గర్నుంచి ఎవరు కదిలించగలరు?

ఆమె డబ్బా మూత తీసి, పర్వతాలు తెచ్చిన అన్నంలో పెరుగు కలిపింది. చాలా రోజులకు అతను కడుపునిండా తిన్నాడు. తింటున్నంత సేపూ రోడ్డు మీదే చూపు. పర్వతాలు దూరం నుంచి చూస్తూ "తిన్నడు, తిన్నడు" అని సుప్రజకు చెప్పడానికి లోపలికి పోయాడు.

పొద్దు వాలింది. మేడ్చల్ వైపు బస్సు హారన్ వినబడింది. ఇంటి దగ్గర ధర్మేందర్ బండి తీసుకుని పోవాల్సిన వేళ. సిద్దమ్మ లేచి కొంగు నడుముకు చుట్టుకుని సంచి తీసుకుంది. రఘు కూడా లేచాడు. చెయ్యి తుడుచుకుని గొళ్ళెం మీద వేశాడు.

ఆమె మొదటి సగం అనాలి. అతను ఆగాడు. ఆమె నా వైపు చూసింది. ఆమె అడిగిన ఆ నడిమి మాట నాకింకా దొరకలేదు. బస్సు వెళ్ళిపోయింది. సిద్దమ్మ సంచి దించి మళ్ళీ దిమ్మె మీద కూర్చుంది. రఘు గొళ్ళెం మీద చెయ్యి తీయకుండా, ఆమె మాట కోసం అలాగే నిలబడ్డాడు.